నెయిల్ పాలిష్ గీత

మే నెల మిట్టమధ్యాహ్నం మద్రాసులో కారు హీటర్ వేసుకుని తిరిగే మనిషి జయప్రకాష్ ఒక్కడే. ఇంజన్ కాగిపోతున్నప్పుడు హీటర్ ఫుల్లుగా పెడితే ఆ వేడిలో కొంత కారు లోపలికి వచ్చేస్తుందని, ఇంజన్ కాస్త తెరిపిన పడుతుందని అతను ఎక్కడో చదివాడు. చదివింది నిజమే. అయితే వెనక సీట్లో పట్టుచీర కట్టుకుని కూర్చున్న వాళ్లమ్మ సీతాలక్ష్మికి ఆ శాస్త్రం తెలియదు.

"ప్రకాషూ, నన్ను పెండ్లికి తీసకపోతా ఉండావా, ఇడ్లీ కుండలో పెట్టి ఉడకేస్తా ఉండావా?"

"ఐదు నిమిషాలు మా. పెరంబూరు వచ్చేసినాము."

"పెండ్లి అయనావరంలో కదరా."

"ముందు బండిని మెకానిక్‌కు చూపించుకోని, తర్వాత పెండ్లికి పోదాం."

సీతాలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుని, పక్కన పోయే బస్సులో చల్లగా నిలబడి వేలాడుతున్న జనాన్ని అసూయగా చూసింది.

జేపీ అని ఆఫీసులో పిలిపించుకునే ఈ జయప్రకాష్, పురసవాక్కంలో జవుళి కొట్టు నడిపే దామోదరం గారి ఒక్క కొడుకు. కొట్లో కూర్చోరా అంటే కూర్చోకుండా షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాడు. జీతం రాగానే పదేళ్ల నాటి నీలం రంగు టర్బో కారొకటి సెకండ్ హ్యాండ్‌లో కొని నీలవేణి అని పేరు పెట్టుకున్నాడు. టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా దూర్చే పంకా. ఆ దూర్చే బలాన్ని బూస్ట్ అంటారు, బార్లలో కొలుస్తారు. కంపెనీ వాళ్లు ముప్పావు బార్ చాలన్నారు. జేపీ లాప్‌టాప్ తగిలించి ఒకటిన్నర చేశాడు. అప్పటి నుంచి నీలవేణి రాకెట్‌లా పోతోంది, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ నీళ్లు రెండు రోజులకొక లీటర్ తాగుతోంది.

రైల్వే గోడ పక్కన రేకుల షెడ్డు. మీద 'యతిరాజులు ఇంజన్ వర్క్స్' అని వెలిసిపోయిన బోర్డు. జేపీ కారు ఆపి దిగేసరికి లోపల బల్ల దగ్గర ఒకమ్మాయి స్టూలు మీద కూర్చుని ఉంది. చేతిలో ఎర్ర నెయిల్ పాలిష్ సీసా. నాలుక కొంచెం బయటపెట్టి, మెడ వంచి, సన్నటి కుంచెతో ఏదో శ్రద్ధగా దిద్దుతోంది.

అసలే కాగిపోయి ఉన్నాడు జేపీ.

"మేడం, మెకానిక్ యాడుండాడు? గోళ్ల రంగు తర్వాత పెట్టుకోవచ్చు, ఈడ బండి ఉడకతా ఉండాది."

ఆ అమ్మాయి తలెత్తింది. కుంచె మాత్రం ఎత్తలేదు.

"గోళ్లకు కాదు సార్, బోల్టులకు."

అప్పుడు చూశాడు. ఆమె ముందు ఒక ఇంజన్ ఉంది. దాని బోల్టు తల మీద నుంచి కింద ఇనుము మీదికి సన్నగా ఒక ఎర్ర గీత. పక్క బోల్టు మీద కూడా అంతే. ఆమె గోళ్లకు మాత్రం రంగు లేదు, గ్రీజుంది.

"మెకానిక్ అన్న..." అని జేపీ నసిగాడు.

"అన్న లేడు. మా నాయన ఉండాడు, టిఫిన్ తింటా ఉండాడు. అందాకా నేను చాలనా?"

వెనక సీట్లోంచి సీతాలక్ష్మి గట్టిగా చెప్పింది. "చాలు పాపా. ముందు ఈ తలుపు తియ్యి."

ఆ అమ్మాయి పేరు సింధూరి. ఆమె మొదట చేసిన రిపేరు సీతాలక్ష్మిని బయటికి దించి ఫ్యాన్ కింద కూర్చోబెట్టి చెంబుడు మజ్జిగ ఇవ్వడం. తర్వాతే బానెట్ ఎత్తింది.

"నీళ్లు కింద కారతాయా?"

"చుక్క కూడా కారదు. కానీ మాయం అయిపోతాయి."

"పొద్దున స్టార్ట్ చేసిన రెండో నిమిషానికే ఈ రబ్బరు హోస్ రాయి మాదిరి గట్టిపడతాదా?"

"పడతాది. మీకెట్లా తెలుసు?"

"వెనక తెల్ల పొగ, తీపి వాసన?"

"ఔను."

"హెడ్ గాస్కెట్ పోయింది. ఇంజన్‌కూ పైన హెడ్ అనే మూతకూ మధ్య ఉండే పొర."

జేపీకి పౌరుషం వచ్చింది. "ఇల్ల. నేను నెట్‌లో కార్ల ఫోరంలో అంతా చదివినా. థర్మోస్టాటే పోయింది."

"ఫోరం వాళ్లు బండిని చూసినారా?"

సింధూరి ఒక గాజు గొట్టంలో నీలం మందు పోసి, రేడియేటర్ మూతి మీద పెట్టింది. "ఇంజన్‌లో మండే గ్యాసు కూలెంట్‌లోకి దూరతా ఉంటే ఈ మందు పసుపైపోతాది. నీలంగానే ఉంటే మీ ఫోరం గెలిచినట్టు."

"పసుపే అవతాది" అంది సీతాలక్ష్మి మజ్జిగ తాగుతూ.

"నువ్వు ఎవరి పక్క మా?"

"మజ్జిగ ఇచ్చినోళ్ల పక్క."

ఒక నిమిషంలో మందు ఆకుపచ్చకు తిరిగింది, రెండో నిమిషంలో పసుపైంది. జేపీ మందు వైపు చూడలేదు. ఆ రంగు మారుతున్నప్పుడు సింధూరి కళ్లలో మెల్లగా పైకొచ్చిన నవ్వును చూశాడు. తన జీవితంలో ఓడిపోయి సంతోషపడటం అదే మొదటిసారి.

"బూస్ట్ ఎంత?" అని అడిగిందామె.

"ఒకటిన్నర."

"ఎందుకు?"

"ఎందుకంటే... పోతాది."

"యాడికి?"

"ఆఫీసుకు. షోళింగనల్లూరుకు."

"ఓఎంఆర్ రోడ్డు సిగ్నల్‌లో నిలబడేదానికి మూడొందల గుర్రాలు" అంది సింధూరి, జాబ్ కార్డు అతని చేతికిస్తూ. "కంప్లైంట్ మీరే మీ చేత్తో రాయాల. మా నాయన రూలు."

ఆ నాయన యతిరాజులు, ముప్పై రెండేళ్లు పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. రైల్వే ఆయన్ని వదిలింది కానీ ఆయన రైల్వేని వదల్లేదు. షెడ్డులో మూడు రూల్సు పెట్టాడు. నోటి మాట చెల్లదు, ఏదైనా జాబ్ కార్డు మీద ఉండాలి. బిగించిన ప్రతి నట్టు మీద నుంచి కింది ఇనుము మీదికి ఒక గీత గీయాలి, నట్టు వెంట్రుకంత కదిలినా గీత తెగి దొరికిపోతుంది. మూడోది, ఎవరు బిగించారో వాళ్లే ట్రయల్ రన్‌లో బండెక్కి కూర్చోవాలి. రైలింజన్‌కైనా కారుకైనా అంతే.

జేపీకి తెలియని సంగతి ఇంకొకటుంది. మనం తెలుసుకుంటే తప్పు లేదు. యతిరాజులుకు మోకాళ్లు అరిగిపోయాయి. షెడ్డును కార్ వాష్ పెట్టుకుంటానని నాగప్పన్ అనే ఆయన ఏడాదిగా వెంటపడుతున్నాడు. నేను నడుపుతానని సింధూరి పట్టుబట్టింది. చివరికి తండ్రీ కూతుళ్ల మధ్య ఒప్పందం కుదిరింది. సింధూరి తనంతట తానుగా ఒక హెడ్ విప్పి బిగించాలి, నాయన వేలు పెట్టడు. అది వెయ్యి కిలోమీటర్లు లీకు లేకుండా తిరిగితే షెడ్డు ఆమెది, బోర్డు మీద ఆమె పేరు. లీకైతే నాగప్పన్‌కు తాళాలు. ఆ మొదటి హెడ్ మన నీలవేణిది.

తల్లీ కొడుకూ ఆ పూట ఆటోలో పెళ్లికి పోయారు. రిపేరుకు పది రోజులు పట్టింది. హెడ్ విప్పి, చదును చేయించి, రేకుల గాస్కెట్ వేసి, మామూలు బోల్టుల బదులు గట్టి స్టడ్లు పెట్టి, మధ్యలోంచి అంచులకు మూడు విడతలుగా నట్లు బిగించి, పదింటి మీదా ఎర్ర గీతలు గీసింది సింధూరి. ఈ పది రోజుల్లో జేపీ ఏడుసార్లు వచ్చాడు. "ఫోన్ చేస్తే చెప్తాము కదా సార్" అంటే, "ఈ పక్క పనుంది" అన్నాడు. షోళింగనల్లూరులో పనిచేసేవాడికి ఆఫీసు వేళలో ముప్పై కిలోమీటర్ల అవతల రోజూ ఏం పనుంటుందో అతనే చెప్పాలి.

ట్రయల్ రన్ రోజు పక్క సీట్లో సింధూరి, వెనక సీట్లో యతిరాజులు. సింధూరి టెంపరేచర్ ముల్లును చూస్తోంది. జేపీ సింధూరిని చూస్తున్నాడు.

"తమ్ముడూ" అన్నాడు యతిరాజులు కళ్లు మూసుకునే. "రోడ్డు ముందర ఉండాది."

ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడింది. దిగేటప్పుడు సింధూరి వేలు చూపించి చెప్పింది. "వెయ్యి కిలోమీటర్లు బూస్ట్ ముప్పావు దాటకూడదు. ప్రామిస్?"

"ప్రామిస్" అన్నాడు జేపీ. ఆ నిమిషానికి ఆమె ఏం అడిగినా ప్రామిస్ అనేవాడే.

కష్టం అక్కడే మొదలైంది. బండి బాగైపోయింది. బాగైన బండిని తీసుకుని మెకానిక్ దగ్గరికి ఎవరు పోతారు?

జేపీ పోయాడు. ఏదో చప్పుడన్నాడు. సింధూరి తలుపు అరలోంచి రెండు నాణేలు తీసి చేతిలో పెట్టింది. నాలుగు రోజులాగి ఏదో వాసనన్నాడు. ఆమె సీటు కిందికి వంగి, వాళ్లమ్మ ఎప్పుడో మరిచిపోయిన నిమ్మకాయ బయటికి తీసింది. మూడోసారి ఏం చెప్పాలో తోచక, "బండి ఎందుకో డల్‌గా ఉండాది" అన్నాడు.

సింధూరి బండిని చూసింది, అతన్ని చూసింది. "బండి బాగానే ఉండాది సార్. మీరే డల్‌గా ఉండారు."

అప్పుడైనా చెప్పొచ్చు. టీ తాగుదామా అని అడిగితే సరిపోయేది, రోడ్డవతలే టీ కొట్టు. కానీ వంద మంది ముందు ప్రెజెంటేషన్ ఇచ్చేవాడు, ఒక్క అమ్మాయి ముందు "అట్లనా, సరి" అని చెప్పి వచ్చేశాడు.

ఇంటికొచ్చి లాజిక్ వేశాడు. లీకు ఉన్నప్పుడు పది రోజుల్లో ఏడుసార్లు చూశాను. లీకు లేనప్పుడు రెండు వారాల్లో మూడుసార్లు. కాబట్టి కావలసింది లీకు. పెద్దది వద్దు, చిన్నది చాలు. బాగా చదువుకున్నవాళ్లు చేసే తెలివితక్కువ పనులకు ఇట్లాంటి లెక్కలే ఆధారం.

ఆదివారం పొద్దున్నే సముద్రం పక్కన ఈసీఆర్ రోడ్డు మీదికి పోయి, ఒక చెట్టు కింద ఆపి, లాప్‌టాప్ తగిలించి బూస్ట్ ఒకటి పాయింట్ ఎనిమిది చేశాడు. నాలుగుసార్లు యాక్సిలరేటర్ అడుగంటా తొక్కాడు. నాలుగోసారి బానెట్ కింద ఎవరో గులకరాళ్లు వేసి కుదిపినట్టు గలగలమంది. ముల్లు మెల్లగా పైకి లేచింది. ముల్లు లేస్తుంటే ఈలవేసిన డ్రైవరు ఈ ఊళ్లో అతనొక్కడే అయి ఉంటాడు. అప్పటికి ఆరువందల నలభై కిలోమీటర్లయ్యాయి. తర్వాత బుద్ధిగా బూస్ట్ ముప్పావుకు తగ్గించి, బూస్ట్ లెక్కలు నమోదయ్యే లాగ్ చెరిపేసి, హీటర్ ఫుల్లుగా పెట్టుకుని పెరంబూరుకు తిప్పాడు.

చొక్కా తడిసి ముద్దైపోయి, చెవి నుంచి చెవి దాకా నవ్వుతూ దిగాడు. "సింధూరీ, మళ్లా లీకు మాదిరి ఉండాది."

అతను ఊహించుకున్నది ఒకటి. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని ఏదో ఎగతాళి చేస్తుంది, తను ఏదో అంటాడు. జరిగింది వేరు. సింధూరి మొహంలో రక్తం లేదు. పోయి నీలం మందు తెచ్చింది. ఈసారి ఆకుపచ్చ దాకా ఆగలేదు, తిన్నగా పసుపైంది.

ఆమె అట్లాగే ఆ గొట్టం పట్టుకుని నిలబడిపోయింది. యతిరాజులు కుంటుకుంటూ వచ్చి చూశాడు.

"బూస్ట్ ఏమన్నా పెంచినావా తమ్ముడూ?"

"లేదు సార్" అన్నాడు జేపీ. అంత సులువుగా నోట్లోంచి వచ్చేసింది.

మరునాడు ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చేసరికి హెడ్ విప్పి బల్ల మీద ఉంది. పక్కన వరసగా పది నట్లు. యతిరాజులు కళ్లజోడు పెట్టుకుని కూతురితో మాట్లాడుతున్నాడు.

"విప్పేముందు పది గీతలూ చూసినా. ఒకటి కూడా తెగలేదు. నీ బిగింపులో తప్పు లేదు పాపా. గాస్కెట్ మటుకు రెండో సిలిండర్‌కూ మూడోదానికీ మధ్య కాలిపోయుండాది. అంటే హెడ్ తలం చదునుగా ఉండాదా లేదా అని సరిగ్గా చూసుండవు. మొదటి హెడ్‌కు ఎవరికైనా అట్లే అవతాది. నాకూ అయింది." ఆయన గొంతు మెత్తగా ఉంది. "కానీ మాటంటే మాట. నాగప్పన్‌కు సాయంత్రం ఫోన్ చేస్తా."

"సరి నాయనా" అంది సింధూరి.

ఆయన ఫోను కోసం లోపలికి పోయాడు. ఆమె స్పానర్లు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి పెట్టెలో పెడుతోంది. రేపు వాడే వస్తువులను తుడిచే తీరు కాదది.

"నాగప్పన్ ఎవరు?" అని అడిగాడు జేపీ.

"ఈడ కార్ వాష్ పెడతాడు. నేను బిగించే మొదటి హెడ్ వెయ్యి కిలోమీటర్లు నిలబడితే షెడ్డు నాకని చెప్పినాడు నాయన. నిలబడలేదు." కళ్లు తుడుచుకోలేదు, ముక్కు మాత్రం మోచేత్తో తుడుచుకుంది. "మీ బండికి ఇంకో షాపు చెప్తాను సార్. సారీ. నాలుగుసార్లు స్కేలు పెట్టి చూసినా తలం. యాడ తప్పు చేసినానో తెలీలేదు."

ఆమె జేపీకి సారీ చెప్పింది. నోరు మూసుకుంటే ఆమె తన పనిని తాను జన్మలో నమ్మదు. నోరు తెరిస్తే అతని మొహం జన్మలో చూడదు. ఇంజన్ నడిపించడానికి ఎన్ని బార్లు కావాలో అతనికి తెలుసు కానీ, ఒక నిజం బయటికి రావడానికి ఎన్ని కావాలో తెలియదు. ఎన్నైతేనేం, వచ్చేసింది.

"సార్" అని లోపలికి కేకేశాడు. "ఫోన్ చెయ్యొద్దు. తప్పు తలంది కాదు. నాది."

యతిరాజులు ఫోను చేత్తో పట్టుకునే బయటికి వచ్చాడు. కూతురి వైపు చూశాడు, కుర్రవాడి వైపు చూశాడు. ఒక జాబ్ కార్డు, పెన్ను తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"నోటి మాట చెల్లదు. రాయి."

జేపీ తెలుగులో మాట్లాడతాడు కానీ రాయలేడు, బడిలో చదివింది తమిళం. అందుకని ఫోన్‌లో మెసేజ్ కొట్టినట్టు తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. చెమట చుక్కలు రెండు కార్డు మీద పడ్డాయి. యతిరాజులు కళ్లజోడు సవరించుకుని, రైల్వే ఎంక్వైరీలో రిపోర్టు చదివినట్టు, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

"నేను... ఆదివారం... బూస్టు... ఒకటి పాయింట్ ఎనిమిది పెట్టినాను. లాగ్ చెరిపినాను. అబద్ధం చెప్పినాను." కార్డు తిప్పాడు. "కారణం." అక్కడ ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "కారణం, సిం... సింధూ... సింధూరిని... చూసేదానికి... వేరే... దారి... తెలీలేదు."

యతిరాజులు కార్డు కింద పెట్టాడు. "సంతకం చెయ్యలేదు" అన్నాడు.

జేపీ సంతకం చేశాడు. పెద్దాయన కార్డు జేబులో పెట్టుకుని, "నేను టీ తాగొస్తా" అని, మోకాళ్ల నొప్పి ఏమైందో ఏమో, చరచరా రోడ్డు దాటిపోయాడు.

సింధూరి ఇంకా కదల్లేదు. కదిలినప్పుడు 'సార్' పోయింది, 'మీరు' పోయింది.

"నువ్వు. నా మొదటి హెడ్‌ను. కావాలని."

"సంగతి తెలీదు సింధూరీ. ఒట్టు."

"నిన్న రాత్రంతా నిద్రపోలేదు నేను. తలం తప్పా, క్లీనింగ్ తప్పా, నా చెయ్యి తప్పా అని. ఒక టీ తాగుదామా అని అడిగుంటే చాలు కదా. దానికి ఇంజన్ పేల్చాలా?"

"అడిగేదానికి భయమేసింది."

"ఒకటి పాయింట్ ఎనిమిది పెట్టేదానికి భయం లేదు."

"దానికి పాస్‌వర్డ్ తెలుసు నాకు" అన్నాడు జేపీ దీనంగా.

ఆమెకు నవ్వు రాబోయింది. వస్తున్న నవ్వును చూసి ఇంకా కోపం వచ్చింది. గీకుడు బిళ్ల ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది. "గాస్కెట్ అంటుకోని ఉండాది. ఆ తలం మీద ఒక్క గీత పడకుండా గీకి తియ్యి. శనివారం, ఆదివారం వస్తావు. అయ్యేదాకా వస్తావు. పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడితే నీ బండి సైదాపేటలో తుక్కుకు పోతాది."

యతిరాజులు టీ తాగి వచ్చి తీర్పు చెప్పాడు. కేసు మళ్లీ మొదటినుంచి. కొత్త గాస్కెట్, కొత్త వెయ్యి కిలోమీటర్లు. నాగప్పన్ ఆగుతాడు.

మూడు వారాలు జేపీ గీకాడు. స్టడ్ల రంధ్రాలు గుడ్డతో తుడిచాడు. సింధూరి వచ్చి వేలితో తడిమి చూసి "మళ్లా" అని పోయేది. రెండో శనివారం సీతాలక్ష్మి క్యారియర్‌లో పులిహోర పట్టుకుని వచ్చింది. మోచేతుల దాకా నల్లగా ఉన్న కొడుకును చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"కొట్లో ఒక్క చీర మడత పెట్టమంటే చెయ్యి నొప్పన్నోడు. ఏం మందు పెట్టినావు పాపా వీనికి?"

"నేను కాదు ఆంటీ. ఆయనే బూస్ట్ పెంచుకున్నాడు" అంది సింధూరి. జేపీ వంచిన తల ఎత్తలేదు. కానీ 'ఆయనే' అన్న మాట విన్నాడు. ఆ మాటతో ఆ రోజంతా గీకాడు.

మూడో ఆదివారం వాన పడింది. రేకుల మీద దబదబా వాన, కింద ఇంజన్ మీద హెడ్. "నేను బిగించేదా?" అని ఆశగా అడిగాడు.

"ఇది నా హెడ్. నువ్వు లైటు పట్టుకో."

పట్టుకున్నాడు. మధ్యలోంచి అంచులకు, మూడు విడతలు. రెంచి టక్కుమన్నప్పుడల్లా ఆమె పెదాలు కదిలి అంకె లెక్కపెట్టుకుంటున్నాయి. రేకుల సందులోంచి ఒక చినుకు ఆమె మెడ మీద పడింది. లైటు కొంచెం పక్కకు జరిగింది.

"లైటు ఇంజన్ మీద" అంది తలెత్తకుండా.

పదో గీత గీసి సీసా మూత బిగించి, అతని లాప్‌టాప్ లాక్కుని బూస్ట్ ముప్పావు చేసి, కొత్త పాస్‌వర్డ్ పెట్టింది. ఏం పాస్‌వర్డో చెప్పలేదు.

"నేను కార్డు మీద రాసిందానికి..." జేపీ గొంతు సవరించుకున్నాడు. "కారణం అన్న చోట. దానికి జవాబు?"

"వెయ్యి కిలోమీటర్లు కానీ. చూద్దాం."

ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి రోజుకు యాభై ఆరు. ఈ లెక్కన పద్దెనిమిది రోజులు. జేపీ ఓర్చుకోలేకపోయాడు. హఠాత్తుగా అతనికి భక్తి పుట్టుకొచ్చింది. వాళ్లమ్మను తిరుపతి తీసుకుపోయాడు, కాళహస్తి తీసుకుపోయాడు, కాంచీపురం తీసుకుపోయాడు. హీటర్ లేదు, ఏసీ ఉంది. సీతాలక్ష్మి ప్రతి గుళ్లో చేతులు జోడించి, బయటికి రాగానే, "ఇప్పుడెంత అయిందిరా?" అని అడిగేది.

కాంచీపురం నుంచి తిరిగొచ్చిన రాత్రికి తొమ్మిదివందల తొంభై ఆరు. పురసవాక్కం నుంచి పెరంబూరుకు నాలుగు. మరునాడు పొద్దున తల్లీ కొడుకూ స్నానాలు చేసి, పెళ్లిచూపులకు బయల్దేరినట్టు బయల్దేరారు. షెడ్డు ముందు ఆగేసరికి అంకె సరిగ్గా వెయ్యి.

యతిరాజులు బానెట్ ఎత్తి పక్కకు జరిగాడు. సింధూరి హోస్ నొక్కింది, మెత్తగా ఉంది. కూలెంట్ చూసింది, చుక్క తగ్గలేదు. గొట్టంలో మందు పోసి రేడియేటర్ మూతి మీద పెట్టింది. నలుగురూ చుట్టూ నిలబడ్డారు. ఒక నిమిషం. రెండు. ఐదు. మందు నీలంగానే ఉంది. ఆరో నిమిషానికి సింధూరి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఈసారి ముక్కు కూడా తుడుచుకోలేదు, అందరి ముందే ఏడ్చి, అందరి ముందే నవ్వింది. జేపీకి ఆ నీలం రంగును మించిన రంగు లోకంలో లేదనిపించింది.

యతిరాజులు లోపలికి పోయి, కాగితంలో చుట్టిన కొత్త బోర్డు తెచ్చాడు. 'సింధూరి ఇంజన్ వర్క్స్'. దానిమీద రంగు ఎప్పుడో ఆరిపోయి ఉంది.

"ఎప్పుడు రాయించినావు నాయనా?"

"ఆ కార్డు చదివిన రోజే. ఒకటి పాయింట్ ఎనిమిదికి కూడా నీ గీత ఒకటి తెగలేదే. ఇంకేం చూడాల నేను?"

"అయితే ఈ వెయ్యి కిలోమీటర్లు ఎందుకు మళ్లా?"

"అది నీకు కాదు" అన్నాడు యతిరాజులు, జేపీ వైపు చూస్తూ. "వానికి."

సీతాలక్ష్మి స్టూలు లాక్కుని యతిరాజులు పక్కన కూర్చుంది. "అన్నా, మా ఇంటాయనకు అంతా చెప్పినా. ఆయన ఒకటే అడిగినాడు, ఈ పాప మన కొట్లో ఏసీ కూడా చూస్తాదా అని." యతిరాజులు గంభీరంగా, "జాబ్ కార్డు రాయమనండి" అన్నాడు.

జేపీ బానెట్ దగ్గరే ఉన్నాడు. సింధూరి టార్చి వేసి పది నట్లూ చూపించింది. పది గీతలూ గీసినట్టే ఉన్నాయి.

"హెడ్ నిలబడింది" అన్నాడతను.

"నిలబడింది."

"అప్పుడు నా జవాబు?"

సింధూరి బల్ల మీది నుంచి నెయిల్ పాలిష్ సీసా తెచ్చింది. బానెట్ అంచు మీద ఉన్న అతని చేతి పక్కన తన చెయ్యి పెట్టి, బొటనవేలికి బొటనవేలు ఆనించింది. నాలుక కొంచెం బయటపెట్టి, మెడ వంచి, అతని గోరు మీద మొదలుపెట్టి తన గోరు మీదికి సన్నగా ఒకే గీత గీసింది.

"ఆరేదాకా కదలొద్దు" అంది.

"ఆరిన తర్వాత?"

"తర్వాత కూడా."

జేపీ కదల్లేదు. వెనక నుంచి వాళ్లమ్మ టీ చల్లారిపోతోందని రెండుసార్లు పిలిచింది. అయినా కదల్లేదు.